లాంకాస్టర్ పొలాల్లో దుంగల క్యాబిన్: చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి సుమారు 125 మైళ్లు, ట్రాఫిక్ లేకపోతే రెండున్నర గంటలు. పెన్సిల్వేనియాలోనే ఉన్న ఎక్స్‌టన్ వాళ్లకైతే గంటలోపే. ఆవులు, మేకలు, గుర్రపు బగ్గీలు, ఆవిరి రైలు అన్నీ పది మైళ్ల లోపల ఉంటాయి కాబట్టి, అయిదేళ్ల లోపు పిల్లలున్న తెలుగు కుటుంబాలు మూడు రోజుల సెలవు దొరికితే ఇటే చూస్తాయి. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా బసతోనే. ఫొటోలో ముచ్చటగా కనిపించే దుంగల క్యాబిన్‌కి సొంత బోరు, సొంత సెప్టిక్ ట్యాంకు, చాలాసార్లు సొంత కట్టెల పొయ్యి ఉంటాయి. ఉన్నన్ని రాత్రులూ ఆ మూడింటినీ చూసుకోవాల్సింది మీరే. రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే ఎత్తడానికి రిసెప్షన్ ఉండదు. పాత పద్ధతుల్లోనే బతికే అమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్లు ఇక్కడ ఎక్కువ, వాళ్ల కుటుంబం నడిపే బస అయితే ఇంట్లో ఫోనే ఉండకపోవచ్చు. పొలం చివర చిన్న గదిలో ఉన్న ఫోన్‌కి మెసేజ్ పెడితే, వాళ్లు విన్నప్పుడు తిరిగి చేస్తారు.

దుంగల ఇళ్లు అమిష్ వాళ్ల సొంత సంప్రదాయం అనుకుంటారు చాలామంది. కాదు. 1638లో డెలావేర్ నది పక్కన న్యూ స్వీడన్ వలస పెట్టిన స్వీడిష్, ఫిన్నిష్ వాళ్లు ఈ కట్టుబడి తెచ్చారు, తర్వాత వచ్చిన జర్మన్లూ అదే పద్ధతిలో కట్టుకున్నారు. ఇప్పుడు అద్దెకు దొరికేవి రెండు రకాలు. ఒకటి, గొడ్డలితో చెక్కిన పాత దుంగల ఇల్లు, దుంగల మధ్య సందులు పూతతో పూడ్చి ఉంటాయి. రెండోది, మిల్లులో ఒకే కొలతకు కోసిన దుంగలతో ఈ మధ్య కట్టింది. చూడటానికి మొదటిదే అందం. పాకే పిల్లో, తప్పటడుగులు వేసే పిల్లాడో ఉంటే మాత్రం రెండోదే తీసుకోండి. పాతవాటిలో పూత పగిలిన చోటల్లా గాలి, ఎలుక, పురుగు దూరతాయి. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, గడప ఎత్తుగా ఉంటుంది. పిల్లలు ఏడెనిమిదేళ్లకు వచ్చాక పాతదానికి వెళ్లొచ్చు.

దుంగ గోడ వెచ్చగా ఉంటుందన్నది సగమే నిజం. ఆరంగుళాల మెత్తకలప దుంగకి చలిని ఆపే విలువ ఆర్-8 దగ్గర ఉంటుంది. ఇప్పటి మామూలు ఇంటి గోడలో నింపే దూదికే ఆర్-19 దాకా ఉంటుంది. కాకపోతే దుంగ బరువైనది, ఒకసారి వేడెక్కితే ఆ వేడి చాలాసేపు నిలుస్తుంది. చల్లారితే మాత్రం మళ్లీ వెచ్చబడటానికి ఒక పూట పడుతుంది. అందుకే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, మీరొచ్చే రోజు పొద్దున్నే హీటర్ వేసి ఉంచమని యజమానికి ముందే చెప్పాలి. సాయంత్రం అయిదింటికి వచ్చి అప్పుడు వేస్తే, పిల్లలు పడుకునే వేళకు గాలి వెచ్చగా, గోడ మంచులా ఉంటుంది.

వెలుతురు ఉండగానే చేరండి. పిల్లల్ని ఒకరు పట్టుకుంటే ఇంకొకరు సామాను దించకముందే ఇల్లు, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్లు నొక్కి మోగుతున్నాయో లేదో చూడాలి. కంచె లేని చెరువో, పశువుల నీళ్ల తొట్టో ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. అసలు ఇది బుక్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే ఫొటోలో చెరువు అందానికే పెడతారు. అటక మీది పడకగదికి కటకటాలుంటే సందులు కొలవండి. నాలుగంగుళాలు దాటితే పిల్ల ఒళ్లు జారిపోతుంది. ఇంటి నుంచి తెచ్చే, నొక్కిపెడితే నిలబడే రకం బేబీ గేటు ఇక్కడ పనిచేయదు. అది చదునైన గోడల మధ్య బిగుసుకుంటుంది, గుండ్రటి దుంగల మీద జారిపోతుంది. స్క్రూలు బిగించే గేటు యజమాని ముందే పెట్టి ఉంటే సరే, లేకపోతే అటకను మర్చిపోయి అందరూ కిందే పడుకోవడం మేలు. మడత క్రిబ్‌కి సుమారు 28 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు చోటు కావాలి. మంచం పక్కన అంత జాగా ఉందా అని ముందే అడగండి. వేసవిలో అటక ఎలాగూ పనికిరాదు, ఇంటి వేడంతా పైకే చేరుతుంది.

ఇక నీళ్లు. లాంకాస్టర్‌లో చాలాభాగం సున్నపురాయి నేల, పైన వందల ఏళ్లుగా పేడ, ఎరువు వేసిన పొలాలు. బోరు నీళ్లలో నైట్రేట్ ఉండే అవకాశం ఎక్కువ. తాగే నీటికి అమెరికా ప్రభుత్వం పెట్టిన హద్దు లీటరుకు 10 మిల్లీగ్రాములు. ఆరు నెలల లోపు పసికందుకు పాలపొడి కలపడానికి హద్దు దాటిన నీళ్లు ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుంది. మనవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. నీళ్లు కాచితే సరిపోతుందనుకుంటారు. కాస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. చివరిసారి నీటి పరీక్ష ఎప్పుడు చేయించారని అడగండి, జవాబు తడబడితే తాగడానికి, వంటకి మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున సీసా నీళ్లు తీసుకెళ్లండి. స్నానానికి బోరు నీళ్లు చాలు.

ఈ కఠిన జలం ఇంకో రకంగానూ ఏడిపిస్తుంది. కందిపప్పు ఉడకదు. నీళ్లలోని కాల్షియం పప్పును గట్టిపరుస్తుంది. కుక్కర్ ఎన్ని కూతలు వేసినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. సీసా నీళ్లలో గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లతోనే వండండి. లేదా చిటికెడు వంటసోడా వేయండి. టమాటా, చింతపండు పప్పు మెత్తబడ్డాకే.

కరెంటు కూడా లెక్కగా వాడాలి. పాత క్యాబిన్‌లో ఒక్కో లైను 15 ఆంపియర్లది, అంటే 120 వోల్టుల మీద 1,800 వాట్లు. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ సుమారు 1,000, పక్కనే పెట్టిన గది హీటర్ 1,500. రెండూ ఒకే లైనులో ఉంటే బ్రేకర్ పడిపోతుంది. బ్రేకర్ పెట్టె ఎక్కడుందో చీకటి పడకముందే చూసుకోండి. గాలివానకు ఊరి కరెంటే పోతే నీళ్లూ పోతాయి, బోరు మోటారు నడవదు. వాన సూచన ఉంటే ఒకటి రెండు బకెట్లు నింపి పెట్టుకోండి, టాయిలెట్‌లో ఒక్కసారి పోయడానికే సుమారు ఆరు లీటర్లు కావాలి. వేడినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లదైతే పావుగంట, ఇరవై నిమిషాల షవర్‌తో అయిపోతుంది. పిల్లలకు నూనె పట్టించి తలంటు పోసే ఆలోచన ఉంటే బకెట్టు, చెంబు కారులో వేసుకోండి. అక్కడ దొరకవు, నీళ్లూ ఆదా.

పోపు సంగతి వేరే చెప్పాలి. ఎండుమిరపకాయ మాడిందంటే చిన్న క్యాబిన్‌లో పొగ అలారం మోగడం ఖాయం. అంతకన్నా పెద్ద బాధ వాసన. పెయింటు లేని దుంగ ఇంగువ, నూనె వాసనను పీల్చుకుని రోజుల తరబడి వదలదు. వదిలించడానికి అదనపు శుభ్రత రుసుము వేసే యజమానులు ఉన్నారు, ఆ మాట నియమాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటి దగ్గరే పోపు వేయించి డబ్బాలో తెచ్చుకోండి, పులిహోర పులుసు కలిపి తెచ్చుకోండి, వేపుళ్లు మానేయండి. వరండాలో గ్రిల్ ఉంటే దాని మీద వంకాయలు కాల్చి పచ్చడి చేసుకోవచ్చు. మిగిలిన నూనె, అన్నం మెతుకులు సింకులో పోయొద్దు, వైప్స్ టాయిలెట్‌లో వేయొద్దు. కరిగిపోతాయని ప్యాకెట్ మీద రాసినవీ సెప్టిక్‌లో కరగవు. పైపు నిండితే స్నానాల గదిలో నీళ్లు వెనక్కి తన్నుతాయి. కరివేపాకు, సాంబారు పొడి లాంటివి ఎడిసన్‌లో మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులోనే కొనేసి బయల్దేరండి.

కట్టెల పొయ్యి వెలిగించగానే ఇల్లంతా పొగ కమ్మిందని యజమానులకు ఫిర్యాదులు వస్తుంటాయి. చాలాసార్లు పొయ్యి తప్పు కాదు. రెండు మూడు రోజులు వాడని పొగగొట్టంలో చల్లగాలి బరువుగా కూర్చుని ఉంటుంది, పొగను పైకి పోనివ్వదు. ముందు గొట్టంలోని తలుపు పూర్తిగా తీయండి, గాలి మీట చివరిదాకా లాగండి. వార్తాపత్రికలో అర కాగితం మెలిపెట్టి వెలిగించి గొట్టం నోటి దగ్గర ఒక నిమిషం పట్టుకోండి. గాలి పైకి లాగడం మొదలయ్యాక చితుకులు, తర్వాత సన్న కట్టెలు. అప్పటికీ పొగ లోపలికే వస్తుంటే వంటింటి, స్నానాలగది ఫ్యాన్లు తిరుగుతున్నాయేమో చూడండి. అవి గదిలో గాలిని బయటికి తోడేస్తే లోటు తీర్చడానికి పొగగొట్టం నుంచే గాలి దిగుతుంది. ఫ్యాన్లు ఆపి ఒక కిటికీ అంగుళం తెరవండి. మూడో కారణం పచ్చి కట్టె. తేమ 20 శాతం లోపు ఉన్న కట్టెల్ని ఒకదానికొకటి కొడితే ఖంగుమంటాయి, కొసలు చీలి ఉంటాయి. పచ్చివి చుస్సుమని నురగ కక్కుతాయి.

మంట బాగా అంటుకునేదాకా, అంటే పావుగంట పైనే, గాలి తగ్గించొద్దు. రాత్రంతా నిలవాలని గాలి బిగించి పడుకుంటే గొట్టంలో తారులాంటి మడ్డి పేరుకుంటుంది, పొగగొట్టాలు అంటుకునేది దానివల్లే. ఇనుము పైభాగం 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. చుట్టూ కంచె లేకుండా, పాకే పిల్ల ఉన్న ఇంట్లో ఈ పొయ్యి వెలిగించకపోవడమే మంచిది, హీటర్‌తో సరిపెట్టుకోండి. బూడిదను మూతున్న ఇనుప బకెట్టులోకే ఎత్తి, చెక్క వరండాకు దూరంగా నేల మీద పెట్టాలి. పైకి చల్లారినట్టున్నా అడుగున నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది.

పొలంలో పిల్లల ఆనందం సరే, జాగ్రత్త చేతుల దగ్గర. దూడను, మేకను ముట్టుకున్నాక సబ్బుతో కడగాలి, శానిటైజర్ చాలదు. పేడలోని ఈ.కోలై అనే క్రిమి చిన్నపిల్లల కిడ్నీల మీదికి వస్తుంది. ఈ రాష్ట్రంలో లైసెన్సున్న ఫామ్‌లు పచ్చిపాలు అమ్మొచ్చు. చిక్కటి పాలు చూడగానే పెరుగు మీదికి మనసు పోవడం సహజం, కానీ పొంగేదాకా కాచకుండా ఎవరికీ పట్టొద్దు. ఏడాది నిండని బిడ్డకు అక్కడి తేనె నాకించొద్దు. పశువుల తీగ కంచెల్లో చాలావాటిలో కరెంటు ఉంటుంది, ఏవో యజమానినే అడగండి.

గడ్డిలో తిరిగొచ్చాక టిక్‌ల కోసం వెతకడం రోజూ చేయాల్సిన పని. మన పశువులకు పట్టే గోమారి జాతిదే ఇది, లైమ్ జబ్బు మోస్తుంది, పిల్ల పురుగు గసగస గింజంత ఉంటుంది. జుట్టు అంచు, చెవుల వెనక, చంకలు, మోకాళ్ల వెనక, నడుము చుట్టూ చూడాలి. సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగేయండి. అగ్గిపుల్ల, నూనె లాంటి చిట్కాలొద్దు. సాధారణంగా 24 గంటలకు పైగా పట్టుకుని ఉంటేనే జబ్బు అంటుతుంది, అందుకే రాత్రి స్నానం వేళ చూస్తే చాలావరకు భయం లేదు. సెప్టెంబరు, అక్టోబరులో దుంగల సందుల్లోంచి వచ్చే గోధుమరంగు పురుగు కుట్టదు. నలిపితే మాత్రం కొత్తిమీరను తలపించే ఘాటు వాసన. సబ్బునీళ్ల గ్లాసులోకి తోసేయండి.

చుట్టూ చూడాల్సినవాటిలో చిన్నపిల్లలకు స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్డుదే మొదటి స్థానం. 1832 నాటి సంస్థ, ఆవిరి ఇంజను, పొలాల మధ్య ముప్పావు గంట ప్రయాణం, సరిగ్గా పిల్లల ఓపికంత. రోడ్డుకి అటువైపే రైలు మ్యూజియం ఉంది, వానపడే రోజుకు దాచుకోండి. డచ్ వండర్‌ల్యాండ్ అనే పిల్లల వినోద పార్కు రోజంతా తినేస్తుంది, ఫామ్ బసకు డబ్బులిచ్చి అక్కడ గడపడం దండగ. ఆ ఉద్దేశమే ఉంటే రూట్ 30 మీద హోటలే నయం, ఈతకొలను కూడా ఉంటుంది. లాంకాస్టర్ ఊళ్లోని సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాల్లోనే. ఆదివారం అమిష్ దుకాణాలన్నీ మూసేస్తారు కాబట్టి పాలు, గుడ్లు, కట్టెలు శనివారమే కొనాలి. రోడ్డుపక్క బల్లల మీద నగదే నడుస్తుంది, ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఉంచుకోండి. బగ్గీ వెనక నారింజరంగు త్రికోణం కనిపిస్తే వేగం తగ్గించండి, హారన్ కొడితే గుర్రం బెదురుతుంది. అమిష్ వాళ్ల ముఖాలకు ఫొటోలు తీయొద్దు.

ఖర్చు లెక్కలో రాత్రి అద్దె మీద రాష్ట్ర పన్ను 6 శాతం, దానిపైన కౌంటీ పన్ను, ఆపైన శుభ్రత రుసుము ఉంటాయి. రుసుము ఒక రాత్రికైనా మూడు రాత్రులకైనా ఒకటే, ఒక్క రాత్రికి క్యాబిన్ అందుకే గిట్టదు. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద నగదు తీసుకోరు, ఈజీపాస్ లేకపోతే నంబరు ప్లేటు చూసి ఎక్కువ రేటు బిల్లు ఇంటికి వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో పొలాలకు పేడ చల్లుతారు, వాసన ఇంట్లోకీ వస్తుంది. సెప్టెంబరులో మొక్కజొన్న మనిషికన్నా ఎత్తు పెరిగి, చలి ఇంకా మొదలవక, అన్నిటికన్నా బాగుంటుంది.

మిగిలిన కట్టెలు ఇంటికి తేవద్దు, ఇంటినుంచి తీసుకెళ్లనూ వద్దు. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగు 2014లో పక్కనున్న బర్క్స్ కౌంటీలోనే ఈ దేశంలో మొదట బయటపడింది, కట్టెలతో, కార్లతో పాకుతూ పోయింది. శరదృతువులో వెళ్తే తిరుగు ప్రయాణానికి ముందు బంపర్లు, చక్రాల పైభాగం, స్ట్రోలర్ అడుగు చూడండి. బురద చిమ్మి ఆరినట్టు బూడిదరంగు మచ్చ ఉంటే అది దాని గుడ్ల గుంపు. పాత కార్డుతో సబ్బునీళ్ల సంచిలోకి గీకేసి బయల్దేరండి.