క్రిస్టల్ రివర్ మానటీ టూరు: ఏ రోజు వెళ్తే గిట్టుబాటు

ఫ్లోరిడాలో టాంపాకు ఉత్తరాన సుమారు 80 మైళ్ల దూరంలో ఉన్న క్రిస్టల్ రివర్‌కు చలికాలంలో జనం వచ్చేది ముఖ్యంగా ఒక పని మీద. నీళ్లలోకి దిగి, మానటీలు అనే భారీ నీటి జంతువుల పక్కన తేలడానికి. గైడుతో వెళ్లే ఈ స్నార్కెల్ టూరు, అంటే కళ్లకు మాస్కు, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని నీటిపై బోర్లా తేలే టూరు, సరైన రోజున, సరైన పడవలో దొరికితే పెట్టిన ప్రతి డాలరూ గిట్టుబాటే. వారం రోజులుగా ఎండలు కాస్తున్నప్పుడు వెళ్లినా, గైడు నీళ్లలోకి దిగని పడవ ఎక్కినా, మసక నీళ్లలో మూడు గంటలు వణికి రావడమే మిగులుతుంది. రెండూ ఒకే ఊళ్లో, ఒకే సీజన్లో దొరుకుతాయి. తేడా ఎక్కడ వస్తుందో తెలుసుకుని బుక్ చేసుకోవాలి.

మానటీ అంటే సముద్రపు ఆవు. మన పాక్ జలసంధిలో, మన్నార్ సింధుశాఖలో ఉండే దుగోంగ్‌కు చుట్టం. దుగోంగ్ తోక తిమింగలం తోకలా రెండుగా చీలి ఉంటుంది, మానటీ తోక గుండ్రంగా తెడ్డులా ఉంటుంది. పెద్దది పది అడుగుల పొడవు, వెయ్యి పౌండ్ల బరువు తూగుతుంది. ఆ ఒళ్లు చూసి లోపలంతా కొవ్వే అనుకుంటారు గానీ, తిమింగలానికి ఉన్నట్టు చలిని ఆపే మందపాటి కొవ్వు పొర దీనికి లేదు. నీళ్లు 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్, కన్నా చల్లబడితే తట్టుకోలేదు. చాలా రోజులు అలాగే ఉండిపోతే జబ్బుపడి చనిపోతుంది. భూమి లోపలి సున్నపురాయి పొరల్లోంచి పైకి వచ్చే బుగ్గల నీరు మాత్రం ఎండాకాలమైనా చలికాలమైనా 72 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మహానంది కోనేరు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అడుగున పడ్డ నాణెం కూడా కనిపించే తేటదనం, ఎప్పుడూ ఆగని ఊట. క్రిస్టల్ రివర్ ఊరి ముందున్న కింగ్స్ బే అనే చిన్న అఖాతంలో ఇలాంటి బుగ్గలు 70కి పైగా ఉన్నాయి. సముద్రం చల్లబడగానే మానటీలు వందల కొద్దీ ఇక్కడికి చేరతాయి.

కాబట్టి టూరు తేదీ కన్నా వాతావరణం ముఖ్యం. అధికారికంగా మానటీ సీజన్ నవంబర్ 15 నుంచి మార్చి 31 వరకు. అందులోనూ డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకే మేలు. ఉత్తరాన్నుంచి చలిగాలి దిగిన మొదటి రోజే పరుగెత్తనక్కర్లేదు. గాలి చల్లబడినంత త్వరగా సముద్రం చల్లబడదు. రెండు మూడు రాత్రులు వరసగా చలి పెట్టాక బే నిండుతుంది. మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లగలిగితే జనం తక్కువ. క్రిస్మస్ సెలవుల్లో, మార్టిన్ లూథర్ కింగ్ వారాంతంలో నీళ్లలో మానటీల కన్నా మనుషులే ఎక్కువగా కనిపిస్తారు.

చాలామంది పొరపడేది ఇక్కడే. బాగా చలి ఉన్న రోజున మానటీలు ఎక్కువ ఉంటాయి, నిజమే. కానీ ఆ రోజున అవి పోటుతో పాటు త్రీ సిస్టర్స్ స్ప్రింగ్స్ అనే మూడు బుగ్గల గుంపులోకి దూరి, ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి. అప్పుడు ఆ బుగ్గలను చూసుకునే ప్రభుత్వ వన్యప్రాణి ఆశ్రయం సిబ్బంది ఆ బుగ్గల్లోకి ఈతగాళ్లను పంపరు. ఫొటోల్లో చూసే నీలం గాజులాంటి నీళ్లు ఆ బుగ్గలవే. బయట బే నీళ్లు ఆకుపచ్చగా, కొంచెం మసగ్గా ఉంటాయి. అంటే విపరీతమైన చలి రోజున మానటీలు దండిగా ఉంటాయి గానీ ఫొటోలోని నీలం నీళ్లు దొరకకపోవచ్చు. ఓ మోస్తరు చలి రోజున రెండూ దొరికే అవకాశం ఉంది. బుగ్గలు తెరిచారా మూశారా అన్నది ఆశ్రయం వాళ్లు రోజూ ప్రకటిస్తారు, ముందు రాత్రి, మళ్లీ పొద్దున చూసుకోవాలి. మూసిన రోజున డబ్బు వెనక్కి ఇవ్వలేదని టూరువాళ్ల మీద విసుక్కోవడం న్యాయం కాదు, ఆ నిర్ణయం వాళ్ల చేతిలో లేదు.

ఈ ఆశ్రయం, క్రిస్టల్ రివర్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, 1983లో ప్రత్యేకంగా మానటీల కోసమే పెట్టింది. త్రీ సిస్టర్స్ చుట్టూ ఉన్న 57 ఎకరాలు మాత్రం 2010 దాకా ప్రైవేటు భూమి. అక్కడ ఇళ్ల కాలనీ వేయాలన్న ప్రతిపాదన కూడా నడిచింది. కొని కాపాడారు గనుకే ఈ టూరు అనేది మిగిలింది.

ఇక పడవ. ఆరుగురికి మించి ఎక్కించుకోని పడవలు చాలా ఉన్నాయి. చాలామంది కెప్టెన్ల లైసెన్సు అంతవరకే అనుమతిస్తుంది. ఇరవై మందిని ఎక్కించే పెద్ద పడవ చవకగా వస్తుంది గానీ, ఇరవై జతల కాళ్లు ఒకే చోట దిగితే అడుగున ఉన్న మెత్తటి బురద లేచి నిమిషాల్లో ఏమీ కనిపించకుండా పోతుంది. ఆరుగురి పడవకు ఎక్కువ డబ్బు పెట్టడం తెలివైన పని. బుక్ చేసేముందు అడగాల్సినవి ఇవి: కెప్టెన్ కాక వేరే గైడు మనతో నీళ్లలోకి దిగుతాడా, వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే రబ్బరు దుస్తులు) ధర టికెట్లో కలిసి ఉందా విడిగానా, ఫొటోలకు ఎంత, మన సైజు సూట్లు ఉన్నాయా. గైడు నీళ్లలోకి దిగకపోతే ఆ టూరు వద్దు. మానటీ ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి జరగాలి అన్నది పడవ మీది నుంచి అరిచి చెప్పడం కుదరదు. టిప్పు పదిహేను ఇరవై శాతం ఇవ్వడం ఆనవాయితీ, ఆ లెక్క కూడా ముందే వేసుకోండి.

వీలైతే అన్నిటికన్నా ముందు బయల్దేరే పడవే తీసుకోవాలి. ఆరు, ఆరున్నరకల్లా అక్కడుండాలి. ఆ వేళ మానటీలు నిద్రలో ఉంటాయి, గాలి ఉండదు, బురద ఇంకా లేవదు. పది దాటాక అదే చోట నీళ్లు పాలు కలిపినట్టు అవుతాయి. టాంపా నుంచి వచ్చేవాళ్లకు సన్‌కోస్ట్ పార్క్‌వే 2022 నుంచి క్రిస్టల్ రివర్ దగ్గరి 44వ నంబరు రోడ్డు వరకు ఉంది, టోలు కట్టాలి. ఓర్లాండో నుంచి రెండు గంటలు అనుకోండి. అంత పొద్దున్నే పిల్లలతో రావడం కష్టమనుకుంటే ముందు రాత్రి అక్కడే బస చేయడం మంచిది.

వెట్‌సూట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే టూరు చెడేది ఎక్కువగా ఇక్కడే. 72 డిగ్రీలు వినడానికి గోరువెచ్చగా ఉంటుంది. కదలకుండా అరగంట తేలితే పళ్లు టకటకలాడతాయి. మూడు మిల్లీమీటర్ల సూటు సరిపోతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ పిల్లలకూ అయిదు ఇస్తే మంచిది. పొడి ఒంటిమీదే తొడగాలి. జిప్పు వీపు వైపు ఉండాలి, ముందుకు తిప్పి వేసుకునేవాళ్లు ప్రతి పడవలోనూ ఒకరుంటారు. మడమల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి లాక్కోవాలి, గోళ్లతో పట్టుకుంటే రబ్బరు చినుగుతుంది. నడుము దాకా వచ్చాక తొడల దగ్గర ముడతలు సర్దితేనే భుజాలకు అందుతుంది. వదులుగా ఉంటే లోపల నీళ్లు ఆడి ఒంటి వేడి పోతుంది, బిగుతుగానే ఉండాలి. లోపల ఈత దుస్తులు చాలు. అలా ఇష్టపడని ఆడవాళ్లు పలుచని లెగ్గింగ్స్, ఒంటికి అంటుకునే పొడుగు చేతుల టాపు వేసుకోవచ్చు. కాటన్ చుడీదారు పనికిరాదు, నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, జిప్పులో ఇరుక్కుంటుంది.

ఈత రానివాళ్లకు ఈ సూటే సగం ధైర్యం. మనిషిని తేలుస్తుంది. దాంతోపాటు పొడుగాటి ఫోమ్ నూడిల్ ఇస్తారు, దాన్ని చంకల కింద పెట్టుకుని బోర్లా పడుకోవాలి. బేలో కదలని నీళ్లలో దింపే టూరు అయితే ఈత రాకపోయినా చేయొచ్చు. త్రీ సిస్టర్స్ లోపలికి మాత్రం సీజన్లో పడవలు, కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) వెళ్లవు. బయట ఆపి, సన్నటి కాలువ గుండా ఊట ప్రవాహానికి ఎదురుగా ఈదుకుంటూ వెళ్లాలి. నీళ్లంటే భయపడేవాళ్లను అక్కడికి లాక్కెళ్లొద్దు.

మాస్కు కారడం మనవాళ్లకు తరచూ వచ్చే చిక్కు, దానికి కారణం మీసం. సిలికాన్ అంచుకూ పెదవికీ మధ్య వెంట్రుకలు ఉంటే నీళ్లు దారి చేసుకుంటాయి. మీసం పైభాగాన పెట్రోలియం జెల్లీ పలుచగా రాస్తే చాలావరకు ఆగుతుంది. నుదుటి మీద పడే జుట్టును మాస్కు అంచు కింద పడనివ్వకూడదు. తలకు నూనె రాసుకుని రావద్దు. పట్టీ జారుతుంది, ఆ నూనె బుగ్గ నీళ్లలోకి పోతుంది. సన్‌స్క్రీన్ సంగతీ అంతే, ఒళ్లంతా సూటే కప్పుతుంది గనుక అవసరం తక్కువ. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రుద్ది, పడవలోని బక్కెట్ నీళ్లతో ఒక్కసారి కడగాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ ఉన్న మాస్కు దొరుకుతుందేమో ముందే అడగాలి. స్నార్కెల్‌తో నోటి నుంచే ఊపిరి తీయాలి. పడవ ఎక్కకముందే, ఇంట్లో స్నానాల గదిలోనైనా, రెండు నిమిషాలు అలవాటు చేసుకుంటే నీళ్లలో కంగారు తగ్గుతుంది.

నీళ్లలోకి దిగాక చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. మెల్లగా, చప్పుడు లేకుండా దిగి, బోర్లా తేలి, ఆగాలి. నిలువుగా నిలబడి కాళ్లు ఆడిస్తే బురద లేస్తుంది. ఫిన్లు (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) అక్కర్లేదు, ఉంటే ఇంకా ఎక్కువ లేస్తుంది. నిద్రపోయే మానటీ అడుగున బండరాయిలా ఉంటుంది, మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి ఊపిరికి పైకి తేలుతుంది, విశ్రాంతిలో ఇరవై నిమిషాల వరకు కూడా ఆగగలదు. అది లేచే దారికి అడ్డం పడొద్దు. తల్లికీ పిల్లకూ మధ్యలోకి వెళ్లొద్దు. పిల్ల తల్లి ముందు రెక్క సందులో మూతి పెట్టి ఉంటే అది పాలు తాగుతోందని అర్థం, చనుమొన అక్కడే ఉంటుంది. ఆ దృశ్యం దొరికితే ఊపిరి బిగబట్టి చూడండి, ఇంకే ఈత టూరులోనూ దొరకదు.

ముట్టుకోవడం, వెంటపడటం, మేత పెట్టడం, గొట్టంతో మంచినీళ్లు పట్టడం, అన్నీ నేరమే. సమాఖ్య చట్టం కింద శిక్ష పడితే 50,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. నీటిపై తేలే హద్దు గుర్తులు (బోయ్‌లు), తాళ్లు కట్టిన చోట్లలోకి చేయి కూడా పెట్టకూడదు. కొన్ని మానటీలు వాటంతట అవే దగ్గరికొచ్చి మీసాల మూతితో మాస్కును తడుముతాయి. అప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని అలాగే ఉండాలి. టూరుకు ముందు చూపించే వీడియోను ఫోన్ చూసుకుంటూ దాటేయకండి, పిల్లలతో దగ్గర కూర్చుని తెలుగులో అర్థం చెప్పండి. వీపుల మీద కనిపించే తెల్లటి చారలు పడవ ప్రొపెల్లర్ దెబ్బలు. వాటి ఆకారాన్ని బట్టే పరిశోధకులు ఒక్కో మానటీని గుర్తుపడతారు. అంత ఎక్కువ మానటీలకు ఆ దెబ్బలు ఉంటాయి. అడుగున పచ్చటి గడ్డి కనిపిస్తే దాని మీద నిలబడొద్దు. నాచు కమ్మేసిన బేలో ఆ నాచు పీకించి, ఈల్‌గ్రాస్ అనే నీటి గడ్డి మొక్కలు చేత్తో నాటి పెంచారు. మానటీల మేత అదే. 2021లో ఫ్లోరిడాలో 1,100కు పైగా మానటీలు చనిపోవడానికి పెద్ద కారణం తూర్పు తీరంలోని ఇండియన్ రివర్ లగూన్‌లో ఇలాంటి గడ్డి నశించి తిండి లేకపోవడమే.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ టూరు కన్నా త్రీ సిస్టర్స్ బోర్డువాక్ మేలు. చెక్క దారి మీద నడుస్తూ పైనుంచే అన్నీ కనిపిస్తాయి, బుగ్గలు ఈతకు మూసిన రోజున ఇంకా బాగా కనిపిస్తాయి. అక్కడ మామూలు కార్లకు పార్కింగు లేదు, ఊళ్లో ఉన్న సెంటర్లో టికెట్ కొని షటిల్ ఎక్కాలి. ఇంకాస్త దక్షిణాన హోమొసాసా స్ప్రింగ్స్ స్టేట్ పార్కులో నీళ్ల కిందికి దిగి గాజు కిటికీల్లోంచి చూసే గది ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ చిన్నపిల్లలకూ అది బాగా సరిపోతుంది. ఓర్లాండో వైపు ఉండేవాళ్లు చూడటం వరకే చాలనుకుంటే ఆరెంజ్ సిటీలోని బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కుకు వెళ్లొచ్చు. 2024 జనవరిలో ఒక్కరోజే 932 మానటీలను అక్కడ లెక్కపెట్టారు. సీజన్లో ఎవరినీ నీళ్లలోకి దింపరు, కారుకు ఇంత అని తీసుకునే ప్రవేశ రుసుము తప్ప ఖర్చు లేదు. చలి వారాంతాల్లో పార్కు నిండగానే గేటు మూసేస్తారు కాబట్టి ఎనిమిదింటికి తెరిచే వేళకే వరసలో ఉండాలి.

తినడం సంగతి: నీళ్లలోకి దిగేముందు ఇడ్లీ, అరటిపండు లాంటి తేలికైనవే. బయటికొచ్చాక ఆకలి, చలి రెండూ ఒకేసారి కమ్ముతాయి. ఫ్లాస్కులో వేడి టీ, ఉన్ని టోపీ, పొడి బట్టలు పడవలోకే తీసుకెళ్లాలి. పులిహోర డబ్బా కార్లో ఉండనివ్వండి.