టిఫిన్ బండి మీద సౌండ్ బాక్స్: పదిహేను ఉదయాలు చూశాక

విజయవాడ కృష్ణలంకలో మా వీధి మొదట్లో ఉన్న టిఫిన్ బండి దగ్గర పదిహేను రోజుల పాటు, ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా కూర్చుని, ఆ బండికి వేలాడుతూ, ఫోన్‌లో పంపిన డబ్బు అందగానే ఎంతో పైకి పలికే సౌండ్ బాక్స్‌ను, దాని చుట్టూ మనుషులు మసలుకునే తీరును గమనించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఫోన్లను, యంత్రాలను జనం ఎలా వాడుతున్నారో చూసి నివేదికలు రాయడం నా వృత్తి. గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే దొరకని సంగతులు రోడ్డు పక్కన దొరుకుతాయి కనుక, బండి నడిపే అక్కకు విషయం చెప్పి, ఆమె సరేనన్నాకే అక్కడ కూర్చున్నాను. ఆ పెట్టె ఏ కంపెనీదో రాయడం లేదు. పెట్టెలో ఒక సిమ్, ఒక బ్యాటరీ, ఒక స్పీకర్, బయట క్యూఆర్ అట్ట ఉంటాయి. నెలకు కొంత అద్దె ఖాతాలోంచి దానంతట అదే కోతపడుతుంది.

యూపీఐ 2016లో వచ్చింది. 2025 ఆగస్టులో ఆ ఒక్క నెలలోనే దేశం మొత్తం మీద 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. ఇంత పెద్ద అంకెలో మా వీధి బండి వాటా నలభై రూపాయల దోసెలు, ముప్ఫై రూపాయల ఇడ్లీలు. అక్క కుడిచేతిలో గరిటె, ఎడమచేతిలో పిండి గిన్నె ఉంటాయి, చూపు పెనం మీద ఉంటుంది. పెట్టె రాకముందు తిన్నవాళ్లు ఫోన్ తెర ఆమె ముఖం ముందు పెట్టి చూపించేవారు. అసలు చెల్లించకుండానే పచ్చటి టిక్కు గుర్తు చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయని ఆమెకు తెలుసు, కానీ పొగలో, ఎండలో ఆ తెర మీద ఏముందో ఆరా తీసే తీరిక ఆమెకు ఎప్పుడూ లేదు. ఇప్పుడు పెట్టె “నలభై రూపాయలు అందాయి” అంటుంది, ఆమె తల ఎత్తకుండానే “సరే బాబూ” అంటుంది. చేతులు, కళ్లు రెండూ పనిలో ఉన్న మనిషికి చెవి ఒక్కటే ఖాళీగా ఉంటుందని గుర్తించడమే ఈ పెట్టె సాధించిన అసలు విజయమని నా అభిప్రాయం.

క్యూఆర్ అట్ట గురించి ఒక మాట చెప్పాలి. ఆ గళ్ల గుర్తును 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ కారు విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. కొంత చెరిగిపోయినా చదవగలిగేలా సమాచారాన్ని అందులో అదనంగా పొదుగుతారు. అత్యధిక స్థాయిలో అయితే దాదాపు 30 శాతం పాడైనా చదవవచ్చు. అక్క బండి మీది అట్టకు ఒక మూల నూనె మరక, మరో మూల పసుపు బొట్టు ఉన్నాయి. అయినా అది పనిచేయకపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మనుషుల నడవడిలో నాకు మొదట కనిపించింది ఆగడం. డబ్బు పంపాక ఎవరూ వెంటనే కదలరు. చెయ్యి కడుక్కుని, ఫోన్ జేబులో పెట్టుకుని, పెట్టె వైపు చెవి పెట్టి నిలబడతారు. అది పలికాకే వెళతారు. పెట్టె “అందాయి” అంటుంది, జనం మాత్రం “పడ్డాయా అక్కా?” అనే అడుగుతారు, ఆమె “పడ్డాయి” అనే చెబుతుంది. పెట్టెకు తెలుగు నేర్పినవాళ్లు ఈ “పడ్డాయి”ని ఒకసారి విని ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. ఒక కంపెనీ 2024లో తన పెట్టెలకు మహేష్ బాబు గొంతు పెట్టింది. గొంతు విషయంలో అంత శ్రద్ధ పెట్టగలిగినప్పుడు మాట విషయంలోనూ పెట్టవచ్చు.

ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా రద్దీ ఎక్కువ. అప్పుడు ఈ పెట్టె చెప్పేది చాలదు. మొత్తం ఎంతో చెబుతుంది కానీ ఎవరిదో చెప్పదు. ముగ్గురు దోసె తిని ముగ్గురూ నలభై పంపితే, పెట్టె రెండుసార్లే పలికితే, పలకనిది ఎవరిది? అక్క అంకెను బట్టి మనిషిని గుర్తుపడుతుంది. డెబ్బై వినిపిస్తే ఇడ్లీ, దోసె తిన్న కాలేజీ అబ్బాయి, నూట ఇరవై అయితే ఇంటికి పార్సిల్ కట్టించుకున్న పంతులుగారు. నలభైలే ఆమెను తికమక పెడతాయి. దీనికి ఒక ఆటో డ్రైవర్ కనిపెట్టిన ఉపాయం నన్ను ఆశ్చర్యపరిచింది. ఆయన రోజూ దోసెకు నలభై ఒక్క రూపాయలు పంపుతాడు. “నలభై ఒకటి” అని వినగానే అది ఆయనదేనని ఆమెకు తెలుస్తుంది, ఆయన ఆగకుండా బండి తీస్తాడు. పెట్టె తయారుచేసినవాళ్లు ఇవ్వని గుర్తును ఒక మనిషి రోజుకు ఒక రూపాయి పెట్టి కొనుక్కుంటున్నాడు. పంపినవారి పేరులో మొదటి ముక్క పలికినా, కనీసం బ్యాంకు పేరు చెప్పినా ఆ రూపాయి మిగిలేది. అలా పేరు పైకి చదవడం అందరికీ నచ్చదన్న మాట నిజమే. అందుకని కావాలో వద్దో దుకాణదారే ఎంచుకునే వీలు ఉండాలి.

ఇక పెట్టె మౌనంగా ఉండే తీరు గురించి రాయాలి. నా అసంతృప్తి అంతా అక్కడే ఉంది. డబ్బు ఒక దారిలో వెళుతుంది: పంపేవారి బ్యాంకు, మధ్యలో జాతీయ చెల్లింపుల సంస్థ, అందుకునేవారి బ్యాంకు. కబురు మరో దారిలో వస్తుంది: అందినట్టు కంపెనీ సర్వర్‌కు తెలియాలి, అక్కడి నుంచి మొబైల్ సిగ్నల్ మీద పెట్టెకు చేరాలి. ఈ రెండో దారిలో ఆటంకం వస్తే డబ్బు చేరిపోయినా పెట్టె పలకదు. ఆ సంగతి తిన్నవారికి తెలియదు, అక్కకూ తెలియదు. తొమ్మిదో రోజు ఉదయం సిగ్నల్ సరిగా లేక పెట్టె దాదాపు పావుగంట సేపు పలకలేదు. ఆ పావుగంటలో, ఎన్నో ఏళ్లుగా అక్కడే తింటున్న ఒక పెద్దాయన, ఫోన్‌లో డబ్బు కట్ అయిన మెసేజ్ చూపిస్తూ నాలుగుసార్లు “నేను పంపానమ్మా” అన్నాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, అయినా ఆయన ముఖం ఎర్రబడింది. చివరికి జేబులోంచి నోట్లు తీసి మళ్లీ ఇచ్చాడు. కాసేపటికి పెట్టె ఒక్కసారిగా వరుసపెట్టి అయిదు మొత్తాలు చదివింది. అక్క గల్లాపెట్టెలోంచి నలభై తీసి పక్కన పెట్టి, మరుసటి రోజు ఆయన రాగానే ఇచ్చింది. పెట్టె పలకకపోతే తప్పు పంపినవాడిదే అన్నట్టుగా ఆ నాలుగు అడుగుల చోటు మారిపోవడం నాకు బాధ కలిగించింది. సిగ్నల్ పోయినప్పుడు “నెట్‌వర్క్ లేదు, కాస్త ఆగండి” అని నిమిషానికి ఒకసారి అది చెప్పగలిగితే, ఆ పెద్దాయన అన్నిసార్లు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు. దాని మీద ఒక చిన్న ఎర్ర దీపం ఉంది. కానీ వెలుతురులో, ఆవిరిలో దాన్ని ఎవరూ చూడరు.

పాఠకులకు ఉపయోగపడే నియమం ఒకటి ఇక్కడే చెబుతాను. ఖాతాలో డబ్బు కోతపడి దుకాణదారుకు నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా అది తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే ఆదేశించింది. ఈ సంగతి తెలిసినవారు ఆ బండి దగ్గర నాకు ఒక్కరు కూడా తగలలేదు.

మిగతా లోపాలు చిన్నవి. ఆవిరి, నూనె తగలకుండా పెట్టెకు పాలిథిన్ కవర్ తొడిగితే మాట మూగబోతుంది, తీసేస్తే స్పీకర్ రంధ్రాల్లో పిండి చేరుతుంది. బస్టాండు వైపు వెళ్లే బస్సు హారన్ కొడితే ఎంత పడిందో వినపడదు. చివరి మొత్తాన్ని మళ్లీ చెప్పించే మీట ఉంది కానీ అది గోరంత ఉండడం వల్ల, పిండి చేతితో నొక్కలేక అక్క ప్రతిసారీ మోచేతితో ప్రయత్నించి విఫలమవుతోంది. వంటచేసే బండ్లకు ఈ పెట్టెలు ఇంతగా వాడుతున్నప్పుడు, తడిచేతికి అందే పెద్ద మీట పెట్టడం కష్టమైన పని కాదు.

నేను పన్నెండో రోజున అడిగిన ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు కూడా ఈ సమీక్షలో ఉండాలి. ఈ డబ్బు ఏ ఖాతాలో పడుతుందని అడిగితే, “మా ఆయన ఖాతాలో తమ్ముడూ. నాకు ఎంత పడిందో వినపడుతుంది, అంతే” అంది. ఆమె ఫోన్ మామూలు మీటల ఫోన్, యాప్ అందులో రాదు. నోట్లు వచ్చిన రోజుల్లో సాయంత్రానికి గల్లాపెట్టె ఆమె ఒళ్లో ఉండేది, పాలకు, గ్యాసుకు తనే తీసి ఇచ్చేది. ఇప్పుడు తన కష్టం విలువ రోజంతా వీధి మొత్తానికి వినపడుతుంది కానీ ఆమె చేతికి రాదు. ఇది పెట్టె చేసిన తప్పు కాదు. అయితే పెట్టెను అమర్చడానికి వచ్చిన కుర్రవాడు బండి నడిపేది ఎవరని అడిగి ఉంటే, జీరో బ్యాలెన్స్ జన్‌ధన్ ఖాతా ఉన్న ఆమె పేరు మీదే అది నడిచే అవకాశం ఉండేది.

చేతులు ఖాళీ లేని పని చేసేవారందరూ ఈ పెట్టెను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. మందుల షాపు, వడ్డీ చీటీల లావాదేవీ లాంటి, ఎంత పడిందో పదిమందికి వినపడకూడని చోట్ల శబ్దం తగ్గించి పెట్టాలి. తీసుకునే ముందు ఖాతా ఎవరిదో ఇంట్లో మాట్లాడుకోవాలి. నేను చూసిన పెట్టెకు అయిదుకు మూడున్నర ఇస్తాను. నేను వచ్చేసే రోజున అక్క పాత కవర్ తీసేసి, స్పీకర్ ఉన్న వైపు కత్తెరతో గుండ్రంగా కత్తిరించిన కొత్త కవర్ తొడిగింది. ఆ రోజు ఆటో డ్రైవర్ పంపిన నలభై ఒకటి వీధి మలుపు దాకా వినిపించింది.