అమ్మ మోకాలికి వేయించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి

మా అమ్మకు 66 ఏళ్లు. కుడి మోకాలి గుజ్జు అరిగిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. తెనాలిలో మాది మేడ మీద ఇల్లు. పక్కకు తిరిగి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేది. పోయిన నవంబరులో గుంటూరులో ఒక ఎముకల డాక్టరు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించాం.

ముందు కీలులో చేరిన నీరు తీశారు, తర్వాత మందు ఎక్కించారు. అంతా పది నిమిషాలే. నాలుగో రోజుకి వాపు దిగింది. మరుసటి వారం అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుడికి వెళ్లొస్తే నాకు కళ్లు చెమర్చాయి.

ఒక్క విషయంలో ఇంకా కోపంగానే ఉంది. అమ్మకు షుగరని ఫైలులో రాసే ఉంది. ఈ మందుతో కొన్నాళ్లు షుగర్ పెరుగుతుందని అక్కడ ఒక్కరూ చెప్పలేదు. రెండో రోజు 340 చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. షుగర్ ఉన్నవాళ్లు ముందే అడగండి.

పదో వారానికి నొప్పి మళ్లీ మొదలైంది. ఈ సూది వాపును అణుస్తుందే గానీ అరిగిన గుజ్జును తిరిగి తేదు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ వేసినవాళ్లకు ఉప్పునీటి సూది వేసినవాళ్లకన్నా గుజ్జు ఎక్కువగా తగ్గింది. నొప్పిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకే రెండోది ఇప్పట్లో వద్దనుకున్నాం.

నొప్పి లేని ఆ రెండు నెలలూ ఫిజియోథెరపిస్టు నేర్పిన తొడ కండరాల వ్యాయామం వదలకుండా చేయించాం. ఇప్పుడు అమ్మ నొప్పి ఉన్నా తిన్నగానే మెట్లు దిగుతోంది.