వెయిట్ మిషనా, ఇంచిటేపా, బీపీ మిషనా: కుర్రవయసులో పక్షవాతం ముప్పు పసిగట్టడానికి ఏది మేలు?

పాతికేళ్ల కుర్రాడికి పొట్ట వస్తోందంటే ఇంట్లో ముందు కొనేది వెయిట్ మిషనే. పక్షవాతం ముప్పు తెలుసుకోవడానికైతే ఈ మూడింట్లో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది కూడా అదే.

మిషన్ 72 కిలోలు అని చూపిస్తుంది. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఒంట్లో ఎక్కడ పేరుకుందో దానికి తెలీదు. 168 సెంటీమీటర్ల ఎత్తున్న ఇద్దర్ని ఊహించుకోండి. ఒకడు శ్రీకాకుళం జిల్లా భావనపాడులో వల లాగేవాడు, ఇంకొకడు పైడిభీమవరం ఫ్యాక్టరీలో షిఫ్టంతా కుర్చీలో గడిపేవాడు. ఇద్దరూ 72 కిలోలే, ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 25.5. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క కాబట్టి కాగితం మీద ఇద్దరూ ఒకే గాటన పడతారు. మొదటివాడి నడుము 80 సెంటీమీటర్లు, రెండోవాడిది 98 అయితే? కంగారు పడాల్సింది రెండోవాడే.

తొడల్లో, చర్మం కింద ఉండే కొవ్వు కొంత నయం. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునే కొవ్వుతోనే చిక్కు. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకుండా చేసేది, రక్తంలో షుగరునీ కొవ్వునీ పెంచేది, బీపీని ఎగదోసేది అదే. మన దేశంతో సహా 22 దేశాల రోగులతో చేసిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం 2010లో వచ్చింది. పక్షవాతంతో ముడిపడినట్టు అందులో తేలింది నడుముకీ పిరుదులకీ ఉన్న నిష్పత్తి, బీఎంఐ కాదు.

అందుకని ఇరవై ముప్పై రూపాయల టైలరు టేపు వెయిట్ మిషన్‌ని ఓడించేస్తుంది. కొలవడం వస్తేనే సుమా. ‘నా ప్యాంటు 34, నాకేం’ అనేవాళ్లు చాలామంది ప్యాంటు పొట్ట కింద కడతారు. అసలు కొలత 39 దాకా ఉంటుంది. పక్కటెముకల్లో కింది దాని అంచునీ, తుంటి ఎముక పై అంచునీ వేలితో తడిమి పట్టుకుని, రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. చొక్కా ఎత్తేయాలి, కాళ్లు దగ్గరగా పెట్టాలి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాగితే మోసపోయేది మనమే. టేపు వెనకవైపు కిందికి జారితే కొలత తప్పుతుంది, కాబట్టి అద్దం ముందు గానీ ఇంకొకరి సాయంతో గానీ తీయండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలన్నర. ఆడవాళ్లకు 80, అంటే 31 అంగుళాలన్నర. అక్కణ్ణుంచి హెచ్చరికే. ఇవేవీ గుర్తుండకపోతే నడుము మీ ఎత్తులో సగం దాటకూడదని పెట్టుకోండి. బట్టల టేపు పాతబడితే సాగుతుంది, ఏడాదికోసారి ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూడండి.

మరి టేపుకీ బీపీ మిషన్‌కీ పోటీ పెడితే? 15 నుంచి 49 ఏళ్ల వాళ్ల మీద అమెరికాలో జరిపిన ఒక అధ్యయనం 2015లో అచ్చయింది. ఊబకాయులకు రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం అవకాశాలు ఒకటిన్నర రెట్లకు పైగా కనిపించాయి. సిగరెట్టు, బీపీ, షుగరు లెక్కలోకి తీసుకున్నాక మాత్రం ఆ తేడా చాలామటుకు కరిగిపోయింది. పొట్టది తప్పు లేదని దీనర్థం కాదు. పొట్ట చేసే చేటులో ఎక్కువ భాగం బీపీ, షుగర్ల దారినే మెదడుకి చేరుతుందని. అందుకే డబ్బు పెట్టి కొనేది ఒక్కటే అయితే నా ఓటు బీపీ మిషన్‌కే, అదీ మోచేతి పైన కట్టేదానికి. మణికట్టు మిషన్లు చెయ్యి కాస్త కిందికి దిగినా తప్పు చెబుతాయి.

లావుపాటి వాళ్లకు ఇక్కడొక మెలిక ఉంది. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే సరిపోతుంది. అదే టేపుతో జబ్బ మధ్యన కొలవండి. 32 దాటితే పెద్ద పట్టీ అడిగి కొనాలి. పెద్ద పట్టీ కావాల్సిన చేతికి మామూలుది కడితే పై అంకె సగటున 5 దాకా, ఇంకా పెద్దది కావాల్సిన వాళ్లకు 20 దాకా ఎక్కువ చూపిస్తుందని 2023లో తేలింది. అంటే లేని బీపీకి మాత్రలు మింగాల్సి రావొచ్చు. చూసే ముందు అరగంట టీ, సిగరెట్టు వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. వేలాడేస్తే పై అంకె ఆరేడు పెరుగుతుంది. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం పాటు రాసి, మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 చేరితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 180/120 దాటి తలపోటో, ఛాతీ నొప్పో, చూపు మసకో ఉంటే ఆగకుండా వెంటనే.

కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు వాళ్లకు ఇంకో మాట. ఉద్దానం కిడ్నీ జబ్బు మొదట్లో చాలామందికి బీపీ పెంచదు. మిషన్ 120/80 చూపించిందని కిడ్నీలు బాగున్నట్టు కాదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష వేరే చేయించుకోవాల్సిందే. చుట్ట, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) సంగతి కూడా ఏ మిషనూ చెప్పదు. అవి మానడానికి కొలత అక్కర్లేదు.

వెయిట్ మిషన్ బొత్తిగా దండగ అనను. తగ్గడం మొదలెట్టాక పనికొస్తుంది: కిలో తగ్గితే పై బీపీ సుమారు ఒక పాయింటు దిగుతుంది. వారానికోసారి, ఉదయం దొడ్డికి వెళ్లొచ్చాక చూస్తే చాలు. రాత్రి ఎండుచేపల పులుసు, ఊరగాయ తిన్న మర్నాడు అర కిలో పెరిగిందంటే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు.

బీపీ మిషన్ కొనలేకపోతే పీహెచ్‌సీలో ఉచితంగా చూస్తారు. బీపీ, షుగరు పరీక్షల జాతీయ కార్యక్రమం ప్రధానంగా 30 ఏళ్లు దాటిన వాళ్ల కోసం పెట్టింది. అంతకన్నా చిన్నవాళ్లు తామే వెళ్లి అడగడం మేలు.

ఇక మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా బీపీ మిషన్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి, తల స్కాన్ తీసే ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు లక్షణాలు మొదలైనప్పట్నుంచి 4.5 గంటలు, ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లకు పైనే. మనిషి బాగుండగా చివరిసారి ఎప్పుడు చూశారో ఆ టైము చేతి మీదైనా రాసుకోండి, అక్కడ మొదట అడిగేది అదే.