‘పి’లో పలకని సెల్ఫ్: కడపలో ఆటోమేటిక్ కారుతో ఎనిమిదేళ్లు

2017లో కొన్న ఈ పెట్రోల్ కారులో ఉన్నది టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజను శక్తిని ఆయిలు ద్వారా అందుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్సు. మామూలు గేర్‌బాక్సుకే చిన్న యంత్రాలు తగిలించి క్లచ్ పని వాటిచేత చేయించే ఏఎంటీ బండ్లతో పోలిస్తే దీని ధర ఎక్కువ, ఊళ్లో తిరిగితే పెట్రోలు కూడా కాస్త ఎక్కువే తాగుతుంది. అయినా ఏడురోడ్ల కూడలి దగ్గర సాయంత్రం రద్దీలో ఆటోల మధ్య ఇంచీ ఇంచీ జరిగేటప్పుడు, రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌లో లారీ వెనుక ఆగి మళ్లీ కదలవలసి వచ్చినప్పుడు ఇది కుదుపు లేకుండా సాగే తీరు చూస్తే పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు. ఇంజను, ఏసీల గురించి ఫిర్యాదు చేయదగినదేమీ లేదు కనుక, ఇన్నేళ్లలో నిజంగా విసిగించిన ఒకే ఒక్క లోపాన్ని వివరంగా రాస్తాను.

బండి పాతబడుతున్న కొద్దీ, గేర్ లివర్ పార్క్‌లో, అంటే ‘పి’లో ఉన్నప్పుడు తాళం తిప్పితే సెల్ఫ్ కొట్టకపోవడం మొదలైంది. డాష్‌బోర్డు దీపాలన్నీ నిండుగా వెలుగుతాయి, హారన్ గట్టిగానే మోగుతుంది, సెల్ఫ్ మాత్రం టిక్కుమని కూడా అనదు. బ్రేకు తొక్కి లివర్‌ను న్యూట్రల్‌కు తెచ్చి తాళం తిప్పితే, అసలేమీ జరగనట్టు మొదటిసారికే అందుకుంటుంది. తొలినాళ్లలో బండి కడిగించిన మరునాడో, వాన కురిసినప్పుడో మాత్రమే కనిపించిన ఈ జబ్బు క్రమంగా నిత్యకృత్యమైంది. మాన్యువల్ బండి అయితే నలుగురిని పిలిచి తోయించుకోవచ్చు. ఈ రకం ఆటోమేటిక్‌లో, లోపలి ఆయిలుకు ఒత్తిడినిచ్చే పంపు ఇంజను తిరిగితే తప్ప పనిచేయదు కాబట్టి, ఎంత తోసినా స్టార్ట్ కాదు.

బ్యాటరీ దుకాణంలో బ్యాటరీ మార్చమన్నారు. ఒక సర్వీస్ సెంటర్‌లో సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చాలని అంచనా రాసి ఇచ్చారు. ఈ రెండు సలహాలూ తప్పని చెప్పడానికి మెకానిక్కే కానక్కరలేదు. న్యూట్రల్‌లో బండి చక్కగా స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీ, ఫ్యూజు, తాళం వెనుక ఉండే స్విచ్, రిలే, సెల్ఫ్ మోటార్ అన్నీ బాగున్నాయనే అర్థం, ఎందుకంటే పార్క్‌లో అయినా న్యూట్రల్‌లో అయినా కరెంటు నడిచే దారి అదే. ఆ రెండింటికీ తేడా ఒక్కచోటే ఉంది, అది లివర్ ఏ స్థానంలో ఉందో బండికి తెలియజేసే ఇన్‌హిబిటర్ స్విచ్. పార్క్‌లోనూ న్యూట్రల్‌లోనూ మాత్రమే సెల్ఫ్‌కు అనుమతినిచ్చి, మిగిలిన గేర్లలో అడ్డుకోవడం దాని పని. నా బండిలో రివర్స్ లైటు వెలిగించేదీ, డాష్‌బోర్డులో గేర్ అక్షరం చూపించడానికి సమాచారం ఇచ్చేదీ అదే కావడంతో, లివర్ పార్క్‌లో ఉన్నా ‘పి’ అక్షరం అప్పుడప్పుడూ మాయం కావడమే అసలైన ఆధారంగా దొరికింది.

చివరకు బండి చూసిన ఎలక్ట్రీషియన్ చేసిన మొదటి పని, తాళాన్ని స్టార్ట్ వైపు తిప్పి పట్టుకోమని నాకు చెప్పి, పార్క్‌లో ఉన్న లివర్‌ను వేలితో మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించడం. ఒకచోట సెల్ఫ్ ఠక్కున అందుకుంది. “సెల్ఫ్ మోటార్‌కు ఏం రోగంల్యా సార్, దానికి కరెంటే పోవడంల్యా” అని తేల్చేశాడు. తర్వాత బ్యాటరీని, దాని కింది ట్రేను విప్పితే గేర్‌బాక్సు మీద అరచేతి కన్నా చిన్నదైన స్విచ్ కనిపించింది. దానికి వైర్లను కలిపే కప్లర్ ఊడదీసి చూస్తే ఒక పిన్ను చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. కరెంటు దారి కలిసి ఉంటే బీప్ మోగించే మల్టీమీటర్ పెడితే న్యూట్రల్‌లో బీప్ మోగింది, పార్క్‌లో మోగలేదు.

లివర్ నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే కేబుల్ సాగినా, దాని చివరి బుష్ అరిగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అందుకని స్విచ్ మీద చేయి వేసే ముందు కేబుల్‌ను పరీక్షించడం సరైన పద్ధతి, అతను అలాగే చేశాడు. పిన్నులు శుభ్రం చేసి, లివర్‌ను న్యూట్రల్‌లో ఉంచి, స్విచ్ బోల్టులు వదులు చేసి, గుర్తుకు గుర్తు కలిపి బిగించాడు. ఆ మరమ్మతు తర్వాతి వానాకాలం దాకా నిలిచింది. ఆ పైన కొత్త స్విచ్ వేయించాను. అప్పటి నుంచి మళ్లీ ఆ బాధ లేదు. గేర్‌బాక్సు నెత్తిన, నీళ్లు సులువుగా చేరేచోట ఇంత ముఖ్యమైన కప్లర్‌ను పెట్టి పైన సరైన మూత కూడా ఇవ్వకపోవడాన్ని తయారీలో లోపంగానే లెక్కిస్తాను. ఇప్పుడు బండి కడిగేవారిని బానెట్ కింద ప్రెషర్ గన్ వాడనివ్వడం లేదు.

స్విచ్‌తో పనిలేకుండా రెండు వైర్లు కలిపేస్తే సరిపోతుందనే సలహా కూడా వచ్చింది. అలా కలిపిన బండి ‘డి’లో, అంటే డ్రైవ్ గేర్‌లో ఉన్నా స్టార్ట్ అవుతుంది, అయిన మరుక్షణం ఎదురుగా గోడ ఉన్నా మనిషి ఉన్నా ముందుకు దూకుతుంది. కాబట్టి ఈ మరమ్మతు ఎవరు చేసినా, బ్రేకు గట్టిగా తొక్కి ‘ఆర్’లోనూ (రివర్స్) ‘డి’లోనూ సెల్ఫ్ కొట్టడం లేదని చూసుకున్నాకే బండి తీసుకోవాలి. స్విచ్ మార్పించేదాకా న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి నడుపుకోవచ్చు. అయితే వాలులో హ్యాండ్‌బ్రేక్ వేయకుండా లివర్‌ను పార్క్ నుంచి తీస్తే బండి జారుతుంది. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగిన ప్రతిసారీ ఆ జాగ్రత్త పాటించాను.

లివర్ అసలు పార్క్ నుంచే కదలకపోతే, పైగా బ్రేకు తొక్కినా వెనుక లైట్లు వెలగకపోతే అది వేరే సమస్య, ముందుగా బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్‌నూ దాని ఫ్యూజునూ చూడాలి.

మొత్తం మీద ఈ గేర్‌బాక్సుకు మంచి మార్కులే వేస్తాను, ఇదే రకం పాత బండి కొనడానికి భయపడనక్కరలేదని కూడా అంటాను. కాకపోతే అమ్మే వ్యక్తి బండిని అదే పనిగా న్యూట్రల్‌లోనే స్టార్ట్ చేసి చూపిస్తుంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి పార్క్‌లో పెట్టి తాళం తిప్పమని అడగండి.