పైఎల్‌సీపీ: మూడేళ్లు వాడాక

పరమాణువుల్ని లేజర్లతో చల్లబరిచే ప్రయోగానికి అద్దాలు, లెన్సులు కొనే ముందు కంప్యూటర్లో ఓసారి నడిపి చూసుకోవడం మాకు అలవాటు. అందుకు మూడేళ్లుగా పైఎల్‌సీపీ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీ వాడుతున్నాను. లేజర్ బీములు, అయస్కాంత క్షేత్రం, పరమాణువు శక్తి స్థాయులు ఇస్తే, దాని మీద పడే బలమెంతో, అది ఎటు పోతుందో లెక్కకట్టి చెబుతుంది.

మొదట్లో యూనిట్లతోనే తల వాచిపోయింది. లోపల లెక్కంతా లైన్ వెడల్పు (పరమాణువు పీల్చుకునే కాంతి ఫ్రీక్వెన్సీ ఎంత మేర పరుచుకుని ఉంటుందో అది) కొలమానంగా నడుస్తుంది. రుబీడియం-87కి 780 నానోమీటర్ల దగ్గర అది 6.07 మెగాహెర్ట్జ్. దాన్ని 2πతో గుణించడం మర్చిపోయాను. పరమాణువు ఆగడానికి ఆరు రెట్లు దూరం కావాలని వచ్చింది. రెండు రోజులు పరమాణువులుండే వాక్యూమ్ ఛాంబరే చిన్నదేమోనని టెన్షన్ పడ్డాను!

బాగా ఉపయోగపడింది బీమ్ సైజు తేల్చుకోవడానికి. లేజర్ తోపుడు గరిష్ఠంగా గురుత్వాకర్షణకు పదకొండు వేల రెట్లుంటుంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో వచ్చే పరమాణువు కాగితం మీద 4 మిల్లీమీటర్లలో ఆగిపోవాలి. కానీ దారి పొడుగునా అంత బలం అందదు. బీమ్ పెంచితే దూరం దొరుకుతుంది, ఉన్న పవరే పరుచుకుని తీవ్రత తగ్గుతుంది. బీమ్ ఎంతవరకు పెంచాలో రేట్ సమీకరణాలతో (ఒక్కో శక్తి స్థాయిలో పరమాణువు ఉండే అవకాశమెంతో మాత్రమే చూసే తేలిక లెక్క) ఒక్క పూటలో తేలింది. లెన్సులు ఆ లెక్కతోనే కొన్నాం, మళ్లీ మార్చాల్సిన పని పడలేదు.

ఉష్ణోగ్రత విషయంలో మాత్రం రేట్ సమీకరణాల్ని నమ్మకండి. రుబీడియంకి డాప్లర్ హద్దు, అంటే లేజర్ చల్లబరచడం గురించిన తేలిక సిద్ధాంతం చెప్పే కనిష్ఠ ఉష్ణోగ్రత, 146 మైక్రోకెల్విన్. ల్యాబ్‌లో అంతకన్నా బాగా కిందికి దిగుతాం. 1988లో భౌతిక శాస్త్రవేత్త విలియం ఫిలిప్స్ బృందం సోడియంలో ఇదే చూసి ఆశ్చర్యపోయింది. అది లెక్కలో కనబడాలంటే, స్థాయుల మధ్య క్వాంటమ్ సంబంధాల్ని కూడా లెక్కలోకి తీసుకునే ఆప్టికల్ బ్లాక్ (Bloch) సమీకరణాలు కావాలి. రుబీడియంకి 24 స్థాయులు, అంటే ప్రతి జంటకూ ఒకటి చొప్పున 24 × 24 = 576 రాశులు లెక్కకట్టాలి. రాత్రి పెట్టి పొద్దున చూసుకోవడమే.

పెద్ద లోటేంటంటే, ఇది ఒంటరి పరమాణువు కథే చెబుతుంది. మేఘం చిక్కబడ్డాక ఒకదాన్నుంచి వచ్చిన కాంతి పక్కదాన్ని తోస్తుంది, అదిందులో లేదు. ఎన్ని పరమాణువులు పట్టుబడతాయని అడిగితే వచ్చే జవాబుని నేను పట్టించుకోను.

ఈమధ్య స్ట్రాన్షియం-88 మొదలుపెట్టాం. 461 నానోమీటర్ల దగ్గర నాలుగే స్థాయులు. రాత్రంతా నడిచిన అదే లెక్క ఇక్కడ కుర్చీలోంచి లేచేలోపే అయిపోతోంది.