టీడీఏ 7294 స్టీరియో బోర్డు: కరెంటు ఎంత తింటుంది, ఎంత వేడెక్కుతుంది

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనైనా ఆన్‌లైన్‌లోనైనా సొంతంగా యాంప్ కట్టుకుందామని బయల్దేరినవాళ్లకు మొదట ఎదురయ్యే బోర్డుల్లో ఇదొకటి. 15 కాళ్ల ఐసీలు రెండు, ఏసీని డీసీ చేసే ఒక బ్రిడ్జి, రెండు లావుపాటి కెపాసిటర్లు, చాలావాటిలో యూపీసీ 1237 ఐసీతో నడిచే, స్పీకర్‌ని కాపాడే రిలే కూడా. ఐసీ ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ వాళ్లది, డిజైన్ బాగా నలిగినది. సౌండ్ గురించి పెద్దగా వంక పెట్టేది లేదు. గొడవంతా వేడి దగ్గరే. ఆ వేడికి కారణం చాలాసార్లు బోర్డు కాదు, దానికి తగిలించిన ట్రాన్స్‌ఫార్మర్.

బోర్డు మీద "100+100 వాట్లు" అని ఉంటుంది. దాన్ని చూడకండి, డేటాషీట్ (ఐసీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) చూడండి. 0.5 శాతం డిస్టార్షన్ దగ్గర ఒక ఐసీ ఇచ్చేది 70 వాట్లు. 8 ఓముల స్పీకర్‌కైతే ప్లస్-మైనస్ 35 వోల్టుల దగ్గర, 4 ఓములకైతే ప్లస్-మైనస్ 27 దగ్గర. ఈ రెండో అంకెను పట్టించుకోకపోవడం వల్లే ఐసీలు మాడిపోతున్నాయి.

24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకు రెండు వైపులా 24 వోల్టుల ఏసీ ఇచ్చేది) తీసుకుందాం. లోడు మీద సుమారు ప్లస్-మైనస్ 33 వోల్టులు వస్తాయి. పాట లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటే ఒక్కో ఐసీ తాగేది 30 మిల్లీ ఆంపియర్లు, అంటే 2 వాట్లు. రెండింటికీ 4. ట్రాన్స్‌ఫార్మర్ సొంత ఖర్చు దాని తయారీని బట్టి ఇంకో నాలుగైదు వాట్లు వేసుకోండి. ఇప్పుడు పాట పెట్టండి. గదిలో మాట్లాడుకోవడానికి గొంతు పెంచాల్సొచ్చేంత సౌండ్‌కి 8 ఓముల మామూలు స్పీకర్లలోకి సగటున వెళ్లేది ఒక్కో చానెల్‌కు ఒక వాటే. ఆ ఒక్క వాటు కోసం ఐసీలో వేడిగా పోయేది సుమారు 10 వాట్లు. గోరంత పాటకు కొండంత వేడి. ఇది బోర్డు లోపం కాదు, ఏబీ క్లాసు తీరే అంత: స్పీకర్‌కి 3 వోల్టులు చాలినా సప్లై నుంచి 33 దిగిరావాలి, మిగతా 30 ఐసీ మీదే పడతాయి.

అందుకే వాల్యూమ్ తగ్గిస్తే చల్లగా ఉంటుందనే లెక్క పూర్తిగా నిజం కాదు. సైన్ వేవ్‌తో (ఒకే స్వరపు పరీక్ష సిగ్నల్‌తో) చూస్తే వేడి శిఖరం ఫుల్ వాల్యూమ్ దగ్గర ఉండదు, పూర్తి పవర్‌లో 40 శాతం దగ్గర ఉంటుంది. 33 వోల్టులు, 8 ఓములకు అది ఐసీకి 27 వాట్ల పైచిలుకు. అదే సప్లై మీద 4 ఓముల స్పీకర్ తగిలిస్తే సరిగ్గా రెట్టింపు, 55 వాట్లు. ఐసీ లోపలి చిప్పు నుంచి వెనక రేకు వరకు వేడికి అడ్డు గరిష్ఠంగా వాటుకు 1.5 డిగ్రీలు, మైకా-పేస్టు కలిపి ఇంకో 0.8 అనుకుందాం. 55 ఇంటూ 2.3 అంటే 126 డిగ్రీలు. మే నెల గది 42 కలిపితే 168. ఐసీ 145 దగ్గర మ్యూట్ అయిపోతుంది, 150 దగ్గర మూసుకుంటుంది. అంటే తలుపంత హీట్‌సింక్ పెట్టినా ఆ జోడీని గట్టిగా వాయిస్తే నిలబడదు. 4 ఓముల స్పీకర్లున్నవాళ్లు 18-0-18 కొనండి. ప్లస్-మైనస్ 25 లోపు వస్తుంది, 50 వాట్ల దరిదాపుల్లో ఇస్తుంది, వేడి 30 వాట్ల దగ్గర ఆగుతుంది.

ఇక కొన్ని బోర్డుల మీద "ఏసీ 32 వోల్టుల వరకు" అని అచ్చేస్తున్నారు. ఇది ప్రమాదం. ఐసీ పనిచేసే హద్దు ప్లస్-మైనస్ 40, సిగ్నల్ లేకుండా తట్టుకునే ఆఖరి హద్దు 50. 30-0-30 ట్రాన్స్‌ఫార్మర్ లోడు లేనప్పుడు పది శాతం ఎక్కువే చూపిస్తుంది. రాత్రి పదకొండు తర్వాత లైనులో 250 వోల్టులు వచ్చే ఊళ్లకు కొదవలేదు. రెండూ కలిస్తే డీసీ 50 అంచుకు చేరుతుంది. ఐసీకే కాదు, 50 వోల్టుల కెపాసిటర్లకూ ముప్పే. అదే పరిస్థితిలో 24-0-24 అయితే 40 అంచున ఆగుతుంది. దీనికి మించి వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ 3 ఆంపియర్లది చాలు, రాగి చుట్టిందే అడగండి. అల్యూమినియం చుట్టినది చేతికి తేలిగ్గా తగులుతుంది, అరగంటలో అదే రెండో హీటర్ అవుతుంది.

బోర్డుతో పాటు ఇచ్చే హీట్‌సింక్‌కు ఐదుకి ఒక మార్కు, అదీ బరువు కోసం. రెండు ఐసీలకూ కలిపి ఇంట్లో వినేవాళ్లకు వాటుకు 1.5 డిగ్రీలది కావాలి. ఫంక్షన్లలో గంటల తరబడి దంచేవాళ్లకు అందులో సగం, 0.75. రెక్కలు నిలువుగా ఉండాలి, పెట్టె కిందా పైనా రంధ్రాలుండాలి. టీవీ కింద చెక్క అరలో తోసేస్తే ఈ లెక్కలన్నీ వృథా.

బిగించేటప్పుడు ఒక సంగతి. ఈ ఐసీ వెనక రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, ఎర్త్‌కి కాదు. మైకా, ప్లాస్టిక్ బుష్ లేకుండా హీట్‌సింక్‌కి బిగించి, ఆ హీట్‌సింక్ ఇనప పెట్టెకు తగిలితే మైనస్ సప్లై నేరుగా షార్ట్. చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా, కరెంటు ఇచ్చే ముందే మీటర్‌ని బజర్ మీద పెట్టి ఒక పిన్ను రేకు మీద, ఇంకోటి హీట్‌సింక్ మీద పెట్టండి. కూత వినిపించకూడదు. పేస్టు మైకాకు రెండు వైపులా అద్దంలా పలుచగా ఉంటే చాలు. ఇడ్లీ మీద చట్నీలా దట్టిస్తే అదే వేడికి అడ్డం.

మొదటిసారి ఆన్ చేసేది 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బుని ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (కరెంటు లైను వైపు) సీరీస్‌లో పెట్టి, స్పీకర్ తీసేసి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. అది దాటాక, సప్లై వైరు తెంపి ఒక్కో ఐసీ ప్లస్ దారిలో 10 ఓముల రెసిస్టర్ పెట్టి దాని మీద వోల్టేజి చూడండి. 0.3 వోల్టులుంటే 30 మిల్లీ ఆంపియర్లు. 0.2 నుంచి 0.6 వరకు పర్వాలేదు. పాట లేకుండానే అంతకు మించి లాగుతూ హీట్‌సింక్ కాలుతుంటే ఐసీ వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతోందని మొదటి అనుమానం. 13, 15 కాళ్లకు వీలైనంత దగ్గరగా, ఎర్త్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేస్తే చాలాసార్లు తగ్గుతుంది. గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) కూడా చూడండి: దాన్ని నిర్ణయించే రెసిస్టర్లు డేటాషీట్‌లో 22కే, 680 ఓములు, అంటే 30 డీబీ పైన. 24 డీబీ కంటే తగ్గించాలని చూస్తే ఈ ఐసీ నిలకడగా ఉండదు. ఇవన్నీ సరిగ్గా ఉండీ కాలుతుంటే ఐసీయే నకిలీ కావచ్చు. మార్కెట్లో వీటికి కొరత లేదు.

కరెంటు బిల్లు మాట: రోజుకు 4 గంటలు మామూలుగా వింటే ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి 27 వాట్ల లెక్కన నెలకు 3 యూనిట్ల పైన. అదే పాట లేకుండా 24 గంటలూ ఆన్‌లో వదిలేస్తే 6 యూనిట్ల దాకా. స్టాండ్‌బై కాలు ఐసీని నిద్రపుచ్చుతుంది గానీ ట్రాన్స్‌ఫార్మర్‌ని కాదు. స్విచ్చి ప్రైమరీ వైపే పెట్టండి.

పోలికకు టెక్సాస్ వాళ్ల టీపీఏ 3116డీ2. డీ క్లాసు, అంటే అవుట్‌పుట్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ నడిపే రకం, వేడి తక్కువ. 24 వోల్టుల దగ్గర ఊరికే ఉంటే ఒక వాటు, అదే గది సౌండ్‌కి మొత్తం 4 వాట్ల దరిదాపుల్లో. 19 వోల్టుల పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ సరిపోతుంది. ఇన్వర్టర్ మీద వినేవాళ్లకు, అద్దె గదిలో చిన్న పెట్టెలో కట్టుకునేవాళ్లకు అదే మేలు. 8 ఓముల పెద్ద పాత స్పీకర్లుంటే మాత్రం 24 వోల్టులకు ఊపు చాలదు, అక్కడ 7294 కట్టాల్సిందే. కట్టినవాళ్లు హీట్‌సింక్‌కి ఒక 12 వోల్టుల 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టి 7 వోల్టుల మీద తిప్పండి. చప్పుడు వినపడదు. సప్లై వేరే చిన్న అడాప్టర్ నుంచి ఇవ్వండి, బోర్డు నుంచి లాగితే మోటారు గోల స్పీకర్లోకి ఎక్కుతుంది.